పోటు

చంద్రుడి మీద ఓడలరేవులో తెగింది నా చెయ్యి,
మోచేతికి బెత్తెడు పైన.
అక్కడి గాజుగదిలో తొమ్మిది నెలలు మొలిపించారు.
వడగట్టిన గాలి, కొలిచి వదిలిన వెలుగు,
దుమ్ము మాట అటుంచి తుమ్ము కూడా లేని చోటు.
మొలిచింది.
గంప కింద మరిచిపోయిన పెసరమొలకలా తెల్లగా,
గోళ్ళు లేకుండా.
వేలు ముడవమంటే ఆలోచించుకునేది.

ఆఖరికి చీటీ రాసి కిందికి పంపారు:
భైరవపాలెం. మడ అడవి. బురద.

ఇక్కడి నర్సు నూకరత్నం
ఆ చేతిని తిప్పి చూసి మొహమాటపడింది.
"ఇది పెరగలేదండి, ఆయ్.
ఊరికే పొడుగయింది."

మళ్ళీ కోశారు, మొదలంటా.
బల్లమీద బోర్లా పడుకోబెట్టి
మొండిని గౌతమి ఒండ్రులోకి దించారు.
మందు అదే, మోతాదూ అదే.
ఉప్పునీరూ మంచినీరూ ఒకదాన్నొకటి తోసుకునే చోటు,
తెల్లవార్లూ రొయ్యలచెరువుల మోటార్ల రొద,
బురదలోంచి పైకి లేచి ఊపిరి పీల్చే మడచెట్ల వేళ్ళు.
వాటిని చూసే నేర్చుకున్నాయేమో నా వేళ్ళు.
పక్క తొట్టిలో డెక్క తెగిన మండపీత,
నాకంటే వారం ముందు చేరిన పేషెంటు.
అది పెంకు విడిచిన రాత్రే
నాకు చిటికెనవేలు వచ్చింది.

పోటు వచ్చినప్పుడల్లా పోటు.
నీళ్ళకీ నొప్పికీ ఒకే మాట ఎందుకో
కక్ష్యలో పుట్టి, తెలుగు తెరమీద నేర్చుకున్న నాకు
అప్పటిదాకా తెలీదు.
ఆటుకి తగ్గేది. అమావాస్యకి
పళ్ళ బిగువున గుడ్డ కరిచిపెట్టుకునేదాన్ని.

ఇప్పుడు చెయ్యి పూర్తయింది. నల్లగా, నిబ్బరంగా.
మణికట్టు దగ్గర బియ్యపుగింజంత పొలుసు.
డాక్టరు గీకేస్తానన్నాడు, వద్దన్నాను.
తలుపులు మూసిన గదిలో ఉన్నా
ఏరు ఎప్పుడు తిరుగుతుందో దానికి తెలుసు.
మిగతా ఒళ్ళు గడియారం చూసుకుంటుంది.

ఎల్లుండి నా ఓడ.
"పైకెళ్తే ఇది ఇలాగే ఉంటుందా?" అన్నాను.
నూకరత్నం కత్తిపీట ముందునుంచి లేవలేదు.
"ఇలస ఏరెక్కితే పులసవుద్దండి.
మళ్ళీ సముద్రంలోకి దిగితే ఏవవుద్దో ఎవరు చూశారు?
మేం దిగనిస్తేగా!"

నవ్వాను. తర్వాత నిద్రపట్టలేదు.
ఇంత ఏటినీ ఇక్కణ్ణుంచి లాగేది
రేపు నా బూట్ల కింద ఉంటుంది.
అప్పుడు ఈ చేతికి
పోటు ఎటువైపు నుంచి వస్తుందో.