తిప్పి పంపిన చీర

హనుమకొండ నుంచి పార్శిల్ తిరిగొచ్చింది.
లోపల చీర, చీర మడతలో చీటీ:
"ఫోటోలో కన్నా ఎర్రగా ఉంది."

వెలిసిందని పంపినోళ్ళున్నారు,
జరీ మెరవలేదని పంపినోళ్ళున్నారు.
ఎక్కువైందని
ఇంతవరకు ఎవరూ అన్లేదు.

పాటూరు సొసైటీ గదిలో
కొత్త మానిటర్ పెట్టి నెల కాలేదు.
"మామూలు తెరకి అందని రంగులుంటయ్ మేడమ్ ఇందులో"
అన్నాడు ట్రంకు రోడ్డు కొట్టబ్బాయి.
అబద్ధం కాదు.
స్విచ్చి వేసిన పూట
తెర మీది వరిమడి మందు కొట్టినట్టు మెరిసింది,
బ్యాంకు వాళ్ళ నీలం కళ్ళలో గుచ్చుకుంది,
ఆధార్ కార్డులో మా ఆయన
వడదెబ్బ తగిలినట్టు కందిపోయి ఉన్నాడు.
నేను మురిసిపోయాను.
ఇన్నేళ్ళూ సగమేనా చూసింది అనుకున్నాను.

ఆ మురిపెంలోనే మిరపపండు చీర ఫోటో తెరిచాను.
తెర అంతా మంట.
ఒళ్ళో చీర చూశాను, తెర చూశాను,
ఇంత లేదే.
మౌసు పట్టి తగ్గించాను.
ఇంకొంచెం.
పులుసులో ఉప్పెక్కువైతే నీళ్ళు పోసినట్టు
పోసుకుంటూ పోయాను
తెర మీది ఎరుపు ఒళ్ళో ఎరుపుతో కలిసేదాకా.
కలిసింది.
నా ఒక్కదానికే కలిసింది.

వసంతలక్ష్మి గారిది మామూలు ఫోను.
అందులోకి పోయింది నీళ్ళు పోసిన పులుసు.
ఆమె చూసింది ఇటుక పొడి,
నచ్చి డబ్బు కట్టింది ఇటుక పొడికి.
ఇంటికొచ్చింది నిప్పు.

అద్దకం మాల్యాద్రి మామ సైకిలు స్టాండేసి వచ్చాడు,
గోళ్ళ కింద ముప్పై ఏళ్ళ నీలం.
"ఫోటోలో రంగుండదు మామా, లెక్కుంటది.
ఎరుపింత, పచ్చింత, నీలమింత అని.
ఎంతలో ఇంతో ఆ తెరే తేల్చుకుంటది"
అని చెబుతుంటే సగం నాకే అర్థం కాలేదు.
ఆయనకైంది.
"కుంచం లెక్క. మా తాత నాడు
కోవూరు కుంచం వేరు, అల్లూరు కుంచం వేరు.
కుంచెడు వడ్లంటే
యాడ కుంచం అబ్బయా అని అడిగేవోళ్ళు.
నువ్వు అడగలా."

అడగలేదు.

మానిటర్ కింద వేలికి తగిలీ తగలని బొత్తాముంది.
నొక్కుతూ పోతే నాలుగో వరసలో
ఎస్ ఆర్ జీ బీ అని ఒక బుద్ధిమంతుడు.
వాడ్ని ఎంచుకున్నాను.
వరిమడి వరిమడైంది,
మా ఆయన నీడపట్టుకొచ్చాడు.
అందరి కుంచంలోకి వచ్చాను.
ఏదో అమ్ముకున్నట్టు అనిపించింది, నిజం చెప్పాలంటే.
పగలంతా ఆ బుద్ధిమంతుడితోనే పని.
గది తాళమేసే ముందు ఒక్కసారి
మళ్ళీ మంట చూసుకుని ఆపేస్తాను.

చీటీ మామ చేతిలోనే ఉంది.
"ఆ తల్లికి నచ్చిన రంగుందిగా, తప్పో ఒప్పో.
ఏసిద్దాం."
"అట్టాంటి రంగు మన దగ్గర లేదుగా మామా?"
"ఉండాదిగా నీ ఫోనులో."

మూడో ముంపుకి దగ్గరికొచ్చింది.
తడి నూలు మాట నమ్మగాకు అని
ఆరేదాకా నన్ను తాకనీలేదు.
ఆరాక చిలపని దండెం మీంచి తీసి,
ట్యూబులైటు కింద చూద్దామంటే తిట్టి,
ఎండలోకి నడిచాడు.
ఎండలో ఫోను ఏమీ చూపలేదు,
నల్లటి అద్దంలో మా ఇద్దరి మొహాలు తప్ప.
మామ నీలం గోళ్ళ చెయ్యి అడ్డం పెట్టాడు.
ఆ చేతి నీడలో, అరచేతి మందాన,
ఇటుక పొడి కనబడింది.

"కొంచెం పసుపు పడాల," అన్నాడు.