కుర్చీ మాత్రం

నార్త్ పాయింట్‌లో పదిహేడో అంతస్తు. లిఫ్టు చెడిపోయి
మెట్లెక్కి వచ్చాడు కూ మాస్టారు.
దిక్సూచి పళ్లెంలో ముల్లు నిలిచేదాకా
ఊపిరి బిగబట్టింది లావ్ సౌ-పింగ్.

"గుమ్మంవైపు కాళ్లు చాపి పడుకోకూడదమ్మా,
శవాన్ని మోసుకెళ్లేది అలాగే."
మంచం అటు కొస నేను పట్టాను.
తిప్పాక బీరువా తలుపు సగమే తెరుచుకుంటోంది.
అద్దానికి పాత దుప్పటి.
కిటికీలో గోరంత సముద్రం,
నీళ్లంటే డబ్బేనట, కర్టెన్ పీకేశాం.

"మరి ఇది?"
గది నడిమధ్య, ఒక చెయ్యి విరిగిన వెదురు కుర్చీ.
"గాలి దారికి అడ్డం."

టీ వొంపుతూ ఆమె తలెత్తలేదు.
"ఆయన పోయిన ఆరేళ్లుగా చీకట్లో
మోకాలు తగలకుండా చుట్టు తిరిగి పోతున్నాను.
గాలినీ నేర్చుకోమనండి."

మాస్టారు పళ్లెం సంచిలో పెట్టుకుని
కుర్చీని తప్పుకుంటూ
గుమ్మం దాకా నడిచాడు.