ఎర్రజెండా రోజు

చీకటుండగానే నూకతల్లి చిన్నమ్మ
నడుముకి గోనెసంచి కట్టుకుంటుంది.
సంచిలో ఉప్పుపొన్న కాయలు,
బెండకాయల కన్నా పొడుగు,
తల్లిచెట్టు మీదే మొలకెత్తి రాలినవి.

రొయ్యల చెరువు పాడుబడి పదకొండేళ్లు.
గట్లు తెగ్గొట్టి పాయనీళ్లని లోపలికి పిలిచింది మేమే,
ఆడవాళ్లం, పలుగులతో, మూడు అమావాస్యలు.
మోకాలిలోతు ఒండ్రులో అడుగు తీసి అడుగేస్తుంటే
నేల మమ్మల్ని వదల్లేక వదులుతున్నట్టు చప్పుడు.
"జానెడు దూరంలో గుచ్చకే, మూరన్నర వదులు.
చెట్టుక్కూడా మోచేతులాడాలి కదా."

మొదటేడు నాటినవి మేకలు తిన్నాయి.
రెండో ఏడు నాచు పట్టి చచ్చాయి.
మూడో ఏడు నిలిచినవి నూట పద్నాలుగు.
అన్నిటికీ పేర్లు పెట్టింది చిన్నమ్మ.
ఒకదానికి వేటకెళ్లి రాని చినాన్న పేరు.
అది కాస్త వంకర.

అప్పుడొచ్చారు జీపులో, మ్యాపుతో.
మా తిప్ప దాంట్లో తెల్లగా ఉంది.
ఖాళీ, అన్నాడు కుర్రాఫీసరు.
మంచివాడే, మజ్జిగ తాగాడు.
కాల్పుల సాధనకి మూడు మైళ్లు కావాలన్నాడు.
ఎర్రజెండా ఎగిరిన రోజు వేట బంద్.

మాగచేపకి తెలుసా జెండా రంగు?
మొదటి నెల ఆరు రోజులు. తర్వాత పదకొండు.
గుండ్ల మోతకి లేచిన కొంగలు మళ్లీ వాలేవి కావు.
వలలో పడ్డ ఇత్తడి తొడుగుల్ని
చిన్నమ్మ వల అంచుకే బరువులుగా కట్టింది.
"ఇవి నేర్చిన మంచి విద్య మునగడమొక్కటే."

ఓడ పనికెళ్లొచ్చిన కొప్పాడి వీరాస్వామి చెప్పాడు:
పసిఫిక్‌లో ఏదో దీవి, పేరు మా నోట తిరగలేదు,
అక్కడ ముసలమ్మలు మిలిటరీ కంచె దాటెళ్లి
బాంబుల గోతుల్లో చేమదుంప నాటారంట.
చిన్నమ్మ ఒక్కటే అడిగింది:
"ఉప్పునీళ్లకి చేమ బతికిందా?"
వాడికి తెలీదు.
"ఈసారెళ్తే కనుక్కుని రా" అంది,
పక్కవీధి కబురు అడిగినట్టు.

ఇవాళ ఎర్రజెండా.
నలభై మందిమి ఒండ్రులో దిగి ఉన్నాం.
గట్టు మీంచి మైకు అరుస్తోంది, వెళ్లిపోండి వెళ్లిపోండి అని.
పాటు ఇంకో గంటన్నరే.
పోటు మొదలైతే నాటడం కుదరదు,
మా తొందరల్లా అదే.

సర్వేరాయి కింద పీత తవ్వుతోంది.
రాయి కొద్దిగా ఒరిగింది. పడలేదు.
"ఆ రెండో సంచి ఇటందుకో" అంది చిన్నమ్మ.