రెండు గజాల ఎడం

మగ్గం గుంటల కూసొని కాళ్లాడిస్తుంటే
ఉన్నట్టుండి నా మొఖం ఎర్రగయ్యేది.
"మామా, పొద్దుగాలనే మొదలువెట్టినవా?"
పక్కింటి ముత్తిలింగం నవ్వేటోడు.
చుక్క ముట్టనోన్ని, ఎవనికి చెప్పుకోవాలె?
చండూరు డాక్టరు గ్యాసన్నడు,
నల్లగొండాయన పేగుల వాపన్నడు.
ఆరేండ్లు గోలీలు మింగిన.
పేగుల కందిగింజంత గడ్డ,
కార్జంల దాని పిల్లలు,
ఎవలకు కనవడలే.

పట్నంల గాలియం స్కాను తీసిన్రు.
కంప్యూటర్ల నా బొమ్మ, తెల్ల గుడ్డ మీద
పదకొండు నల్ల చుక్కలు.
మా అండాలు చిటికి కట్టంగ
ముడి జారి రంగు దిగిన సోట్ల లెక్క.

డాక్టరమ్మ చెప్పింది:
"ఆ గడ్డల మీదనే కొక్కేలుంటయి.
వాటికి తగులుకునే మందుకు
లుటీషియం కట్టి పంపుతం."
నేనన్న, మా పని గూడ గదేనమ్మా,
రబ్బరు చుట్టినకాడ రంగు పట్టదు,
ఇడిసినకాడనే పడ్తది.
ఆమె తలకాయ అడ్డంగ ఊపింది.
"మా రంగు జర కారుతది, కిడ్నీల దిక్కు.
గందుకే ముందుగాల ఇంకో సీసా ఎక్కిస్తం."

లంబాపురంకాడ యురేనియం తవ్వొద్దని
లారీ ఎక్కి పోయి గొంతు చించుకున్నోన్ని.
సీసం డబ్బాల వచ్చిన మందును జూసి
నవ్వొచ్చింది. చెమట గూడ వట్టింది.
సూది వెట్టిన పిలగాడు తలుపవతలికి వోయిండు.
అర్రల నేను, అది.

ఇంటికొచ్చినంక రెండు గజాల ఎడం.
కోడలు నవనీత నీళ్లోసుకున్నదని
తల్లిగారింటికి తోలినం.
అండాలు గజంబద్ద పెట్టి కొలిచి
గచ్చు మీద సుద్దముక్కతోని గీత గీసింది.
నా పళ్లెం నాది, నా చెంబు నాది.
దొడ్డికి వోతే రెండుమాట్ల నీళ్లు.

"ఆరున్నర దినాలకు సగమైతదట,
ఇంకో ఆరున్నరకు సగంల సగం."
"మరి పూరా ఎన్నడు పోతది?"
నాకు లెక్క రాలే.
గీత అవతల కూసొని
ఆమె చిటికి కట్టుకుంట కట్టుకుంట
పోగు కొస నా దిక్కు ఇసిరింది.
"ఊకె కూసునుడెందుకు, గట్టిగ వట్టుకో."

ఎనిమిది వారాలకు మళ్ల రమ్మన్నరు,
మొత్తం నాలుగు సార్లు.

మొన్న మొఖం ఎర్రవడలే. నిన్న వడలే.
ఇయ్యాల పొద్దుమీకి వడ్డది, జరంత.
ముత్తిలింగం గడపకాడనే నిలవడి
గీత దిక్కు జూసి, నా దిక్కు జూసి,
"మామా, ఇయ్యాల తక్కువ తాగినవ్" అన్నడు.