అట్టపెట్టెలో కారెల్

బడి వంటింటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది.
ఫ్రిజ్ వాళ్ళకి, అట్టపెట్టె నాకు.

చాకుతో కన్నం కోశాను, రొట్టె పట్టేంత.
"లోపల ఎవరు కూర్చుంటారు?"
పదమూడు చేతులు లేచాయి.
కారెల్‌ని పిలిచాను.
వోరు అడవుల పక్కనే పుట్టి కూడా
పుట్టగొడుగంటే పిజ్జా మీది ముక్కలే
అనుకునేవాడు గనక.

"కాసేపు నువ్వు మనిషివి కాదు, మెషీన్‌వి.
నీకేమీ తెలియదు."
"ఏమీనా? నా పేరు కూడానా?"
"పేరు కూడా."
తల వంచి దూరాడు లోపలికి,
ఎంత సంబరమో.

వాడి ముందు మూడు గిన్నెలు.
ఒకటి రంగుది, ఒకటి వాసనది,
మూడోది గొడుగు అడుగున ఉండే మడతలది.
పన్నెండు గులకరాళ్ళిచ్చాను.
ఏ గిన్నెలో రాళ్ళెక్కువుంటే
ఆ గిన్నె మాటే వినాలి.
అన్నీ రంగు గిన్నెలోనే పోసుకున్నాడు.
ఎవరైనా అంతే,
మొదట చూసేది రంగే.

నా బుట్టలో ఆ తెల్లవారుజామువి, ఇంకా తడిగా:
పసుపుపచ్చవి, ఇక్కడ కోడిపుంజు పుట్టగొడుగులంటారు,
తుంచితే ఆప్రికాట్ వాసన.
ఎర్రటోపీ మీద తెల్లచుక్కలవి, ఈగల పేరు పెట్టుకున్నవి,
అందుకే అందరి చేతులకూ రబ్బరు తొడుగులు.
అడుగున, గుడ్డ కింద
ఇంకో రకం.

ఒక్కొక్కటీ కన్నంలోంచి వెళ్తుంది.
"తినొచ్చు!" అని అరుస్తుంది పెట్టె,
లేదా "పారెయ్!"
జవాబుల చీటీ లేలో చేతిలో.
తప్పయితే పెట్టె మీద రెండు దెబ్బలు, తక్ తక్.
ఎందుకు తప్పో చెప్పకూడదు.
అబద్ధమాడిన గిన్నెలోంచి ఒక రాయి
ఇంకో గిన్నెలోకి పోవాలి, అంతే.

ఆ చీటీ రాసింది నేను.
నాకు చెప్పింది మా అమ్మమ్మ.
ఆమెకు చెప్పినవాళ్ళలో ఒకరిద్దరు
కడుపు పట్టుకుని నేర్చుకున్నారు.

ఎరుపంతా పారేసి, పసుపంతా ఉంచుకుని
పెట్టె గర్వంగా నవ్వుతోంది.
అప్పుడు తీశాను గుడ్డ కిందివి,
దొంగ కోడిపుంజులు.
"తినొచ్చు!"
తక్ తక్.
"పసుపే కదా!"
ఏడుపు గొంతు. రాయి కదిలిన చప్పుడు.
"తినొచ్చు!"
తక్ తక్.
"పారెయ్!" ఈసారిది అసలుది.
తక్ తక్.
పాపం, ఇప్పుడు దేన్నీ నమ్మడం లేదు.

ఎన్ని రాళ్ళు కదిలాయో లెక్క మరిచాను.
మధ్యలో ఒకసారి
లోపల ముక్కు ఎగబీల్చిన చప్పుడు,
ఏడుపేమో అనుకున్నాం.
వాసన చూస్తున్నాడు.

కిటికీలో వాన మొదలయ్యేసరికి
రెండు పసుపువీ ఒకేసారి వేసినా
దొంగను పట్టేస్తోంది పెట్టె.
"దానికి తెలివొచ్చిందా?" అంది లేలో.
"రాళ్ళు చోటు మారాయి."
"అంతేనా?"
"అంతే."
నా జవాబు దానికి నచ్చలేదు.
నాకూ పూర్తిగా నచ్చలేదు.

ఒరీస్యా మాకు కొత్త.
ఆగస్టులో ఖార్కివ్ నుంచి వచ్చింది,
ఇంకా మా మాటలు నోట్లో పెట్టుకుని
చప్పరిస్తూనే ఉంటుంది, పైకి అనదు.
వరసలో తన వంతు వచ్చింది.
బుట్టలో చెయ్యి పెట్టలేదు.
జేబులోంచి పసుపుపచ్చ ఉన్ని చేతితొడుగు తీసి
కన్నంలో వేసింది.

పెట్టె ఆలోచించింది.
రంగు చూసింది. వాసన చూసింది.
వేళ్ళ దగ్గర మడతలు.
"తినొచ్చు!"

గది ఘొల్లుమంది.
లేలో చీటీ అటూ ఇటూ తిప్పింది,
చేతితొడుగు గురించి అందులో ఏమీ లేదు.
తక్ తక్ కొట్టాలో వద్దో తెలీక
చెయ్యి గాల్లోనే ఆపేసింది.
ఒరీస్యా రెండు చేతులతో నోరు మూసుకుని
భుజాలు ఊగేలా నవ్వుతోంది.

పెట్టెలోంచి గొంతు, కొంచెం కోపంగా:
"చేతితొడుగని నాకు తెలుసు!
మెషీన్‌కి తెలీదు!
మీరు దానికి రెండే మాటలిచ్చారు!"

పిల్లలు వెళ్ళాక బల్లలు తుడిచాను.
గిన్నెల్లో రాళ్ళు అలాగే ఉంచాను, రేపటికి.
తినొచ్చు కుప్పలో పైన ఆ చేతితొడుగు
ఆప్రికాట్ వాసనేస్తోంది.