పడుకుని వచ్చిన తూటా

పీణ్య రెండో స్టేజి, ఆరో అడ్డరోడ్డు.
పక్క షెడ్డులో ప్రెస్సు దిగిన ప్రతిసారీ
నా టీ గ్లాసులో ఒక వలయం.

చోండమ్మ మేడం బల్ల మీద కాగితం పరిచింది.
గుండ్రంగా ఉండాల్సిన కన్నం
తాళంచెవి దూరే సందులా పొడుగ్గా ఉంది.
"నీ తూటా పడుకుని వచ్చింది, ఓబులేసూ" అంది కన్నడంలో,
దర్శినిలో చల్లారిన దోసె గురించి చెప్పినట్టు.

నేను తుపాకి పట్టినవాణ్ణి కాదు.
రాగి కడ్డీని లేతు మీద తిప్పి
ముక్కు సూదిగా, తోక పడవలా చెక్కి
డయలు ముల్లు కదలకపోతే డబ్బాలో పెట్టేవాణ్ణి.
లైసెన్సు గోడ మీద ఉంది, దానికి దండ ఒక్కటే తక్కువ.
తూటా ఎట్లా పోయిందో నాకు తెలిసేది
ఇలా కాగితాలు తిరిగొస్తేనే.

గొట్టంలో మెలిక: పది అంగుళాలకి ఒక చుట్టు.
బయటపడేసరికి సెకనుకి మూడున్నర వేల చుట్లు.
కదిరిలో మా సందులో
తాడు లాగి వదిలిన బొంగరం
తిరుగుతోందో లేదో తెలీనంత నిలకడగా నిలబడితే
"నిద్రపోయింది రా" అనేవాళ్ళం, ఊపిరి బిగబట్టి.
మస్తానుది ఎప్పుడూ ముందు నిద్రపోయేది.
మేకు నట్టనడుమ కొట్టేవాడు వాడు.
నాది ఎప్పుడూ వెంట్రుకవాసి పక్కకి.
ఆ మేకు మీద కసితోనేనేమో
ఇప్పటికీ ఈ డయలు ముల్లు వంక
కన్నార్పకుండా చూస్తాను.

"వెయ్యిన్నర మీటర్ల దాకా బంగారం. ఆ తర్వాతే" అని
చూపుడువేలు గాలిలో తూలించింది.
ఆ తర్వాత ఏమవుతుందో నేనూ చదివాను:
బయల్దేరినప్పుడు తన చప్పుడిని వెనక వదిలేసి పోయిన తూటాని
అలిసిన చోట ఆ చప్పుడే వచ్చి అందుకుంటుంది.
తిరుగుడు ఇంకా మిగిలే ఉంటుంది, పరుగే ఉండదు.
అప్పుడు గాలి దాని ముక్కు పట్టుకుంటుంది.

"ఎక్కడ కాల్చారు మేడం?"
"చెన్నై దాటి, సముద్రం పక్కన. తెల్లారగట్ల."

అదీ సంగతి.
మన బెంగళూరు గాలి
మూడు వేల అడుగుల మీది పల్చటి మజ్జిగ,
తప్పు చేసిన తూటాని కూడా పోనీలే అని వదిలేస్తుంది.
అక్కడిది గరిటె నిలబడే పెరుగు.
ఇరవై మూడేళ్ళుగా నా పనితనం అనుకున్నదాంట్లో
నాదెంత, ఈ ఊరి ఎత్తుదెంత?
టీ చల్లారిపోయింది.

మెలిక బిగించాలంటే కొత్త గొట్టం, లక్షల్లో మాట.
తూటా పొట్టిదైతే నిలబడుతుంది,
కానీ అంత దూరం పోదు.
అరవై రెండేళ్ళ మనిషి, ఎడమ మోకాలికి పట్టీ.
దూరం తగ్గించుకోమని ఎట్లా చెప్పేది?

"రెండు మిల్లీమీటర్లు తీసేస్తాను" అన్నాను.
"ఒకటి" అంది.
కాసేపు వంకాయల బేరం.
ఒకటింపావు దగ్గర తెగింది.

ఆమె ఆటో మలుపు తిరిగాక
మొదటిది కోశాను. వేడిగా ఉంది, రాగి వాసన.
బల్ల మీద ముక్కు ఆనించి
రెండు వేళ్ళతో తిప్పి వదిలాను.
నిద్రపోయిందో లేదో చూసేలోపు
పక్క షెడ్డులో ప్రెస్సు దిగింది.