పావుగంటకోసారి

జూలై వచ్చిందంటే నాకు పగటి నిద్ర.
ఈ నెల్లాళ్లూ హెల్వే కళ్లు ఉబ్బే ఉంటాయని
బేకరీలో అందరికీ తెలుసు,
రై రొట్టె ఒక వాయి మాడినా ఏమీ అనరు.

పాక్రి కొండకొమ్ము మీద గాలికి
ట్రైపాడ్ కాళ్లు వణుకుతాయి.
బంగాళాదుంపల సంచిలో రాళ్లు నింపి
దాని నడుముకు వేలాడదీస్తాను.
లెన్సుకు చెమ్మ పట్టకుండా
మా ఆయన పాత ఉన్నిమేజోడు తొడిగి, లోపల వేడి పొట్లం.
దోమలకు మాత్రం మందు లేదు,
నాకంటే శ్రద్ధగా పనిచేస్తాయి రాత్రంతా.

ఇక్కడి సూర్యుడు పూర్తిగా మునగడు,
కడలి అంచు కిందే ఒంగి నడుస్తాడు
బాకీపడ్డవాడు కొట్టు ముందు నుంచి పోయినట్టు.

ఉత్తరాన బ్రహ్మహృదయం, ఒక్కటే.
చాలాసేపు ఇంకేమీ ఉండదు.
పన్నెండు దాటాక
ఆకాశానికి అటువైపు నుంచి ఎవరో గోటితో గీసినట్టు
ఒక గీత.
రెండు.
తర్వాత, అల వెనక్కి పోతూ
ఇసుక మీద వదిలే మడతలు.
ఆ మడతల్లో నీలం,
నీలం అని సరిపెట్టుకోడానికి మనసొప్పని నీలం.
కింద మామూలు మబ్బులు
మసిపట్టిన గిన్నెల్లా పోతుంటాయి.
వాటికి పొద్దు ఎప్పుడో గుంకింది,
పైవాటికి ఇంకా ఎండ.

పన్నెండుంబావు.
ముల్లు సున్నా మీదికి రాగానే నొక్కుతాను.
ఆరు సెకన్లు.
సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డున, పోర్కల రాళ్ల మీద
మా అక్క మైము నొక్కుతుంది.
పన్నెండున్నర. ముప్పావు. ఒంటిగంట.

మేం మాట్లాడుకుని పదకొండేళ్లు.
నాన్న పడవని, టీర్ దాని పేరు,
నాకు చెప్పకుండా అమ్మేసింది.
అడిగితే, ఈత రానిదానికి పడవెందుకే, అంది.
నిజమే, నాకు ఈత రాదు.
నేనూ ఒక మాట అన్నాను. అది ఇక్కడ రాయను.

ఐదేళ్ల కిందట ఒక కార్డు, సంతకం లేకుండా:
“ఎత్తు కొలవాలంటే రెండు ఒడ్లు కావాలి.
జూలై. పావుగంటకోసారి.
గడియారం సరిచేసుకో.”

సరిచేసుకున్నాను.

పొద్దున ఫొటోలు వస్తాయి, మాట ఉండదు.
నావి వెళ్తాయి, మాట ఉండదు.
వంటింటి బల్ల మీద పక్కపక్కన పెట్టి
రెంటిలోనూ ఒకే మడతను వెతుకుతాను.
నా బొమ్మలో చుక్కని ఆనుకున్న అల
తన బొమ్మలో బెత్తెడు పైన ఉంటుంది.
ఆ బెత్తెడుతోనే లెక్కంతా.
పెన్సిలు, కొట్టివేతలు, చల్లారిన కాఫీ.
ఎనభై మూడు కిలోమీటర్లు. ఒక్కోసారి ఎనభై ఒకటి.
భుజాలు రాసుకుంటూ ఒకే ఒడ్డున నిలబడితే
ఈ అంకె వచ్చేదే కాదు.
లెక్క గురించే చెబుతున్నాను.

నిన్న, ఈ ఏటికల్లా ఆకాశం ఎక్కువ వెలిగిన రాత్రి,
ఒంటిగంటంబావుది చూస్తే మబ్బు లేదు.
ఒరిగిన రాళ్లు, కోటు చెయ్యి,
చెదిరిన వెలుగులో సగం ముఖం.
కెమెరాతో పాటు తనూ జారినట్టుంది.
అయినా పంపింది. ఒప్పందం ఒప్పందమే.

జుట్టంతా తెల్లబడింది.
ఎప్పుడో!

కొలతకు పనికిరాదు.
పక్కన పెట్టాను, చెరపలేదు.
రొట్టెల వేళ దాటిపోయేదాకా కూర్చుని
చివరికి రెండు మాటలు పంపాను:
కాలు బాగుందా?

మధ్యాహ్నానికి జవాబు.
“ఒంటిగంటన్నరది స్పష్టంగా వచ్చింది. చూడు.”

చూస్తున్నాను.